కొసరు లెక్క

డిస్నీ పార్కులో సముద్రపు దొంగల రైడ్ ఒకటి ఉంటుంది, పైరేట్స్ అని, దాని పడవ చీకట్లోకి మళ్ళగానే ఆ నీళ్ళ వాసన తగిలింది. వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది అదెలా ఉంటుందో. ఈతకొలనులో కలిపే మందు వాసన, తడిసిన చెక్క వాసన, ఎప్పుడో తాళం వేసిన గది తెరిస్తే వచ్చే వాసన, అన్నీ కలిసినట్టు ఉంటుంది. ఇరవై ఏళ్ళు దాటినా ఒక్క రవ్వ కూడా మారలేదు. పక్కన మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని "అమ్మమ్మా, వాళ్ళు నిజం దొంగలేనా" అని అడుగుతోంది, నాకేమో ముందు వరసలో మా మావయ్యగారు కూర్చున్నట్టే ఉంది. తెల్ల పంచె, పైన మా ఆయన స్వెట్టర్, మెడకి మఫ్లర్. ఫ్లోరిడా ఎండలో కూడా ఆయన ఆ మఫ్లర్ తీసేవారు కాదు.

ఆర్లాండో డిస్నీ వరల్డ్ సంగతి చెప్తున్నా, అందులో మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు. మేము అప్పట్లో టాంపాలో ఉండేవాళ్ళం. వైటూకే పని, అంటే 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పకుండా సరిచేసే పని మీద వెళ్ళిన వేలమందిలో మా ఆయన ఒకరు. ఐ-4 రోడ్డు మీద గంటన్నర నడిపితే పార్కు గేటు. ఇండియా నుంచి ఎవరొచ్చినా మొదటి శనివారం అక్కడికే. మా తమ్ముడొచ్చినా, ఆయన మేనత్త కూతురు వచ్చినా అంతే, కానీ అన్ని ట్రిప్పుల్లోనూ నాకు నిలువునా గుర్తున్నది అత్తయ్యగారూ మావయ్యగారూ వచ్చినప్పటిదే.

అది అంత బాగా గుర్తుండటానికి ఇంకో కారణం ఉంది. మావయ్యగారు పోయాక నరసరావుపేట ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టెలో ఆయన జేబు పుస్తకాలు దొరికాయి, నలభై దాకా ఉన్నాయి, ఒక్కో ఏడాదికి ఒకటి, రబ్బరు బ్యాండు వేసి. ఆయన హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పాలు, కూరలు, రిక్షా, పోస్టు కవరు, ఏది కొన్నా ఆ రాత్రికి పుస్తకంలో ఎక్కాల్సిందే. అమెరికా వచ్చిన ఏడాది పుస్తకం నేను తెచ్చేసుకున్నా. మొన్న పెద్దమ్మాయి దగ్గరికి వెళ్ళేటప్పుడు హ్యాండ్‌బ్యాగులో వేసుకెళ్ళా కూడా, ఎందుకంటే అమ్మాయి ఫోన్లోనే చెప్పింది, "అమ్మా, పాపని డిస్నీకి తీసుకెళ్దాం, నువ్వు రెడీగా ఉండు" అని.

ఆ పేజీ ఇలా ఉంటుంది. పైన "డిస్నీ లోకము" అని రాసి కింద గీత. టిక్కెట్లు పెద్దలు 4, ఒక్కొక్కటి 46. పిల్ల 1, 37. చంటిది ఉచితం. పన్నుతో 234 చిల్లర. కారు నిలుపుటకు 6. ఐస్‌క్రీములు. మధ్యాహ్న భోజనం. పెట్రోలు. ప్రతి లైను పక్కన బ్రాకెట్లో రూపాయలు, డాలరుకి 45 చొప్పున. ఆ తర్వాత ఇంకొన్ని లైన్లు ఉన్నాయి, వాటి పక్కన అంకె లేదు, సున్నా చుట్టి ఉంది. చల్లని నీళ్ళు 0. త్వరగా పోవు చీటీలు 0. పిల్ల ఐస్‌క్రీము (రెండవది) 0. సుబ్బులు గారికి కూర 0.

ఆ సున్నాల కోసమే ఇదంతా రాస్తున్నా.

*

టికెట్టు కౌంటర్ దగ్గర మావయ్యగారు మొత్తం వినగానే మొహం పక్కకి తిప్పుకున్నారు. పదివేలు దాటింది రూపాయల్లో, ఆయన నెల పెన్షన్ కంటే ఎక్కువ. "అమ్మాయ్, మేమిద్దరం కార్లో కూర్చుంటాం, మీరు పిల్లల్ని చూపించుకురండి" అన్నారు నాతో, కొడుకుతో చెప్తే ఒప్పుకోడని తెలుసు. నేను "మావయ్యగారూ, కొనేశాం, ఇంక తిరిగివ్వరు" అని అబద్ధం చెప్పి లోపలికి తీసుకెళ్ళా.

పార్కింగ్ నుంచి ట్రాము, ట్రాము దిగాక ఫెర్రీ. మోనోరైలు కూడా ఉంది, పిల్లలకి అదే ఇష్టం, తలుపులు మూసే ముందు ఇంగ్లీషులోనూ తర్వాత స్పానిష్‌లోనూ ఒక గొంతు చెప్పేది కదా, "పోర్ ఫవోర్ మంతేంగాన్సే అలెహాదోస్ దె లాస్ పుయెర్తాస్" (దయచేసి తలుపులకి దూరంగా ఉండండి) అని, మా పెద్దది ఇంట్లో బాత్రూమ్ తలుపేసే ముందు కూడా అదే చెప్పేది. జాక్ వాగ్నర్ అనే ఆయన గొంతు అది, డిస్నీ పార్కుల్లో ఏళ్ళ తరబడి అనౌన్స్‌మెంట్లు ఆయనవే. మావయ్యగారు మాత్రం ఫెర్రీకే వెళ్దామన్నారు. రేవు, లాంచీ, అవతలి ఒడ్డు, అది ఆయనకి తెలిసిన లోకం. విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకి లాంచీలో వెళ్ళినట్టే ఉందన్నారు, రెయిలింగ్ పట్టుకుని నిలబడి దూరంగా కోట కనిపించేదాకా మాట్లాడలేదు.

లోపల మొదటి వీధిలో అడుగుపెట్టగానే పాప్‌కార్న్ వాసన, వెన్న కాగిన వాసన. రైలు కూత. నిజం ఆవిరి ఇంజన్లే, బొగ్గు బదులు ఇప్పుడు డీజిల్ కాలుస్తారట గానీ ఆవిరి నిజందే. మావయ్యగారు రైలు చుట్టూ తిరిగొచ్చాక ఇంజన్ డ్రైవర్‌తో తన ఇంగ్లీషులో పది నిమిషాలు మాట్లాడారు, ఆయన కూడా వెనక జనం ఉన్నా విసుక్కోకుండా చూపించాడు ఒక్కొక్కటీ. ఇది మాత్రం మావయ్యగారు రాయలేదు పుస్తకంలో. రాయాల్సింది, అదీ సున్నాయే.

*

త్వరగా పోవు చీటీలంటే ఫాస్ట్‌పాస్. 1999లో పెట్టారు దాన్ని. మెషిన్‌లో మన టికెట్టు పెడితే చిన్న కాగితం వస్తుంది, దాని మీద ఏ టైము నుంచి ఏ టైములోపు రావాలో ఉంటుంది, అప్పుడు వస్తే పెద్ద క్యూలో నిలబడక్కర్లేదు. పైసా అడగరు. టికెట్ కొన్న ప్రతివాడికీ ఒకటే హక్కు, ధనికుడికీ అంతే, మాకూ అంతే. మావయ్యగారికి చెప్పగానే అర్థమైపోయింది, "సుదర్శనం కంకణం లాంటిదన్నమాట" అన్నారు. తిరుమలలో చేతికి కట్టి టైమిచ్చేవాళ్ళు కదా, ఆ టైముకి వెళ్తే సరిపోయేది. ఆయన ఆ కాగితాలన్నీ దాచుకున్నారు, జంగిల్ క్రూజ్‌ది ఒకటి ఇంకా పుస్తకంలోనే ఉంది, అక్షరాలు వెలిసిపోయాయి.

ఇప్పుడది లేదు. 2020లో కరోనాకి పార్కులు మూసినప్పుడు ఆగింది, మళ్ళీ ఉచితంగా రాలేదు. 2021 అక్టోబర్‌లో జీనీ ప్లస్ అని మనిషికి 15 డాలర్లతో మొదలుపెట్టారు, ఇప్పుడు లైట్నింగ్ లేన్ అంటున్నారు, రద్దీ రోజుల్లో 30 దాటుతుంది, అదీ అన్నిటికీ కాదు, బాగా పేరున్న రైడ్‌కి విడిగా ఇంకోటి కొనాలి. 2024లో ఇంకా పైమెట్టు ఒకటి తెచ్చారు, ప్రీమియర్ పాస్ అని, ఒక మనిషికి ఒక రోజుకి ఒక పార్కుకి 129 నుంచి 449 డాలర్ల దాకా, గేటు టికెట్టు కాకుండా! మా అల్లుడు రాత్రి పూట ఫోన్లో ఇదంతా చూపించి వివరిస్తుంటే నాకు సర్వదర్శనం క్యూలో కంపార్ట్‌మెంట్లో కూర్చుని, జాలీ అవతల నుంచి మూడు వందల టికెట్టు వాళ్ళు చకచకా వెళ్ళడం చూసిన రోజు గుర్తొచ్చింది. దేవుడి దగ్గర ఆ డబ్బు పోయి ఎక్కడో అన్నదానానికో ఆస్పత్రికో చేరుతుందని సరిపెట్టుకుంటాం. ఇక్కడ సరిపెట్టుకోవడానికి నాకేం దొరకలేదు.

*

కూర సంగతి చెప్పాలి. అసలు నాకు ఈ ట్రిప్పంతా గుర్తుండేది ఆ కూరతోనే.

అత్తయ్యగారు శనివారం ఉల్లి, వెల్లుల్లి ముట్టరు, గుడ్డు సంగతి సరేసరి. నేను తెల్లవారుఝామున లేచి పులిహోర కలిపి, పెరుగన్నం ఒక డబ్బాలో, ఆవకాయ బద్దలు చిన్న సీసాలో సర్ది కూలర్ బ్యాగులో పెట్టా. దాన్ని పార్కులోనే లిబర్టీ స్క్వేర్ అనే చోట నది ఒడ్డున బెంచీ మీద తిన్నాం, ఎవరూ ఏమనలేదు. ఎదురుగా, వెనక పెద్ద చక్రం తిరిగే పడవ వెళ్తూ కూత వేసేది, అవతల దీవి, చెట్లు, నీడ. అత్తయ్యగారు పులిహోర రెండు ముద్దలు తిని ఆపేశారు, కడుపులో తిప్పుతోందన్నారు. ఎండ దెబ్బ అనుకున్నాం. చల్లగా ఉంటుందని పక్కనే ఉన్న హోటల్, లిబర్టీ ట్రీ టావెర్న్‌లోకి వెళ్ళాం, ముందుగా బుక్ చేసుకున్నదీ లేదు ఏమీ లేదు, కాసేపు ఆగమని కూర్చోబెట్టారు.

వడ్డించే అమ్మాయి పాతకాలం గౌను, తెల్ల టోపీ పెట్టుకుని ఉంది. నేను మెనూ అంతా చూసి ఆమెకి చెప్పా, మా అత్తగారు మాంసం, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి ఏదీ తినరు, కొంచెం మజ్జిగలాంటిది ఉంటే చాలు అని. ఆ అమ్మాయి రాసుకుని వెళ్ళింది. ఐదు నిమిషాలకి లోపలి నుంచి వంటాయన వచ్చాడు, పొడుగు తెల్ల టోపీ, లావాటి మనిషి, చేతులు తుడుచుకుంటూ. వచ్చి అత్తయ్యగారి కుర్చీ పక్కన నేల మీద మోకాలేసి కూర్చున్నాడు. నాతో కాదు, ఆవిడతో మాట్లాడాడు. ఆవిడ తెలుగులో చెప్తే నేను ఇంగ్లీషులో చెప్పా. బంగాళాదుంప తింటారా, బీన్స్ తింటారా, అల్లం పరవాలేదా, కారం ఎంత, పాలు పడతాయా. ఆవిడ ప్రతిదానికీ తలూపుతూ, మధ్యలో "నాకోసం ప్రత్యేకం వద్దని చెప్పవే" అంటూనే ఉన్నారు. అది నేను చెప్పలేదు.

ఇరవై నిమిషాలకి అతనే తెచ్చాడు. తెల్లన్నం, పక్కన బీన్సూ క్యారెట్టూ బంగాళాదుంపా వేసిన కూర, పైన మిరియాల పొడి, చిన్న గిన్నెలో పెరుగు. ఉప్పు తక్కువ. అత్తయ్యగారు ఆవకాయ సీసా బ్యాగులోంచి తీసి అంచున వేసుకున్నారు, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నారు. వంటాయన మళ్ళీ వచ్చి ఆ సీసా ఏంటని అడిగాడు. ఆవిడ చెంచాతో తీసి ప్లేటులో వేసి చూపుడువేలితో కొంచెమే అని సైగ చేశారు. అతను నోట్లో పెట్టుకుని మొహం ఎర్రగా చేసుకుని నవ్వాడు, లోపలికి తీసుకెళ్ళి ఇంకెవరికో కూడా పెట్టాడు.

బిల్లులో మా ముగ్గురు పెద్దవాళ్ళవీ పిల్లవీ ఉన్నాయి. ఆ కూర లేదు. మా ఆయన మర్చిపోయారేమో అని పిలిచి అడిగితే ఆ అమ్మాయి "అది మెనూలో లేనిది కదా, దానికి ధర లేదు" అంది. మావయ్యగారు అక్కడికక్కడే జేబులోంచి పెన్ను తీశారు. సుబ్బులు గారికి కూర, సున్నా. భార్యని పుస్తకంలో కూడా గారు అనే రాసేవారు.

"దమ్మిడీ ఖర్చు లేనిదాన్ని ఎందుకు రాస్తారు మావయ్యగారూ" అని అడిగా కారులో. "కొన్నది మన లెక్క అమ్మాయ్, ఇచ్చింది వాళ్ళ లెక్క, రెండూ రాయకపోతే పద్దు తప్పుతుంది" అన్నారు.

*

మాది కోటప్పకొండ పక్క ఊరు. శివరాత్రి తిరునాళ్ళకి ప్రభలు కట్టుకుని ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చే చోటు. రాత్రంతా ప్రభల మీద లైట్లు, మైకులు, దుమ్ము, ఎడ్ల మెడల్లో గంటలు, చెరకు గడలు కట్టలు కట్టలు. నాన్న మా ముగ్గురికీ తలా ఒక అర్ధరూపాయి ఇచ్చేవాడు. రంగులరాట్నం చెక్క గుర్రాలది, మనిషి చేత్తో తోసేవాడు. డబ్బుకి పది చుట్లు అని లెక్క, కానీ ఏ రోజూ పదితో ఆపింది లేదు, పిల్లలు దిగం అని గోల పెడితే ఇంకో రెండు తిప్పేవాడు. జీళ్ళు అమ్మే ఆవిడ తూచాక చేత్తో ఇంకో నాలుగు వేసేది కాగితంలో. కొసరు. అడగకుండా వేస్తే దాని రుచి వేరు. కొసరు వెయ్యని కొట్టుకి అమ్మ రెండోసారి వెళ్ళేది కాదు, ఎంత మంచి సరుకైనా సరే.

డిస్నీలో నాకు ఆ రోజు దొరికింది కొసరే అని తర్వాతెప్పుడో అర్థమైంది. పెద్దది ఐస్‌క్రీమ్ కింద పడేసుకుని నోరు తెరిచే లోపలే తెల్లబట్టల్లో ఊడ్చే అబ్బాయి వచ్చి నేల తుడిచి, దాన్ని బండి దగ్గరికి తీసుకెళ్ళి ఇంకోటి ఇప్పించాడు. పెకోస్ బిల్ అనే హోటల్లో బర్గర్ కొంటే మధ్యలో పెద్ద బల్ల, దాని మీద వేయించిన ఉల్లిపాయలు, పుట్టగొడుగులు, టమాటాలు, లెట్యూస్, మనకి కావల్సినంత వేసుకోవచ్చు. మనవాళ్ళందరికీ తెలుసు ఆ బల్ల. శాకాహారం వాళ్ళం ఒక బన్ను కొని దాంట్లో కూర పెట్టుకున్నట్టు పెట్టుకుని కడుపునిండా తిన్నవాళ్ళమే. 2020 మూత తర్వాత తెరిచినప్పుడు ఆ బల్ల లేదు. ఎయిర్‌పోర్టు నుంచి డిస్నీ హోటళ్ళకి ఉచితంగా బస్సు ఉండేది, 2005లో పెట్టారు, పెట్టెలు కూడా వాళ్ళే గదికి చేర్చేవాళ్ళు, 2022 జనవరిలో తీసేశారు. డైనింగ్ ప్లాన్ అని ఇంకోటి, ముందే కట్టేస్తే భోజనాలన్నీ అందులో వచ్చేవి, మొదట్లో టిప్పూ, ముందు తెచ్చే చిరుతిండీ కూడా అందులోనే, 2008కల్లా ఆ రెండూ పోయాయి. ఒక్కొక్కటీ చిన్నదే. ఒక్కోసారి ఒక్కోటి తీశారు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

*

మొన్న మేము వెళ్ళిన రోజుకి టికెట్టు 180కి దగ్గరలో ఉంది. 2018 నుంచి తేదీని బట్టి ధర మారుస్తున్నారు. తక్కువలో తక్కువ, అక్కడే ఉన్న ఇంకో డిస్నీ పార్కు యానిమల్ కింగ్‌డమ్‌కి ఖాళీ రోజుల్లో 119, మ్యాజిక్ కింగ్‌డమ్‌కి 2025 క్రిస్మస్ రోజుల్లో 199. నేను కాగితం మీద లెక్క వేశా, మావయ్యగారి కోడల్ని కదా. 46 డాలర్లని అమెరికాలో పెరిగిన ధరలతో పెంచుకుంటూ వస్తే 85 దగ్గర ఆగుతుంది. అంటే మిగతా సరుకులన్నీ పెరిగినట్టు పెరిగితే 85 ఉండాలి. దానికి రెట్టింపు పైన ఉంది. పార్కింగ్ అప్పుడు 6, మేము వెళ్ళినప్పుడు 30. మన రూపాయల్లో చెప్పనే అక్కర్లేదు, ఒక్క మనిషికి పదిహేను వేల పైచిలుకు. 1971లో గేటు తెరిచిన రోజు మూడున్నర డాలర్లట, రైడ్లకి విడిగా కూపన్ పుస్తకాలు కొనేవాళ్ళట, 1982లో కూపన్లు తీసేసి అంతా ఒకే టికెట్టులో కలిపారు. ఇప్పుడు లైట్నింగ్ లేన్ చూస్తే మళ్ళీ కూపన్ల కాలానికే వెళ్తున్నట్టుంది, కాకపోతే గేటు టికెట్టు కూడా తగ్గలేదు.

తిండి విషయంలో మాత్రం ఒక మాట న్యాయంగా చెప్పాలి. అప్పట్లో మా బోటివాళ్ళకి బంగాళాదుంప వేపుళ్ళూ, సలాడూ, చీజ్ పిజ్జా, అంతే. ఇప్పుడు ప్రతి చోటా మెనూలో ఆకు గుర్తు ఉంటుంది, 2019 నుంచి పెట్టారు, మాంసం, పాలు, గుడ్డు లేనివి అని. ఎక్కడికెళ్ళినా ఏదో ఒకటి దొరుకుతుంది, అడుక్కోనక్కర్లేదు. పెద్దమ్మాయి మమ్మల్ని ముందురోజు సాయంత్రం సనా అనే చోటుకి తీసుకెళ్ళింది, అది పార్కులో కాదు, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో ఉంటుంది, గేటు టికెట్టు అక్కర్లేదు. ఐదు రకాల రొట్టెలు, వాటికి తొమ్మిది రకాల పచ్చళ్ళు తెచ్చి పెట్టారు, నాన్, ఉల్లి కుల్చా, పనీర్ పరాఠా, వెల్లుల్లి ఊరగాయ, చింతపండు చట్నీ, ఖర్జూరం వేసిన టమాటా జామ్. కిటికీ అద్దం అవతల జిరాఫీ నడుచుకుంటూ వెళ్తోంది, మనవరాలు నాన్ ముక్క చేతిలో పట్టుకుని తినడం మానేసి చూస్తోంది. నాకు నిజంగా కళ్ళనీళ్ళు తిరిగాయి, మావయ్యగారు ఉండి ఉంటే అని. ఖరీదైనదే, కానీ ఇచ్చిన డబ్బుకి తగ్గ తిండి అది, నేను మనసారా చెప్తా.

లిబర్టీ ట్రీ టావెర్న్‌కి మళ్ళీ వెళ్దామనుకున్నా. రెండు నెలల ముందు బుక్ చేసుకోవాలి, ఒప్పుకుని రాకపోతే మనిషికి పది డాలర్లు పట్టేస్తారు. మెనూ చూసి ఏరుకునేది కూడా లేదిప్పుడు, ఒకే భోజనం, మనిషికి నలభై పైన, టర్కీ వడ్డిస్తారు, మాంసం వద్దంటే దానికి బదులు ఇంకోటి. మిక్కీ వచ్చి పలకరించే షెఫ్ మిక్కీస్‌లో టిఫినే యాభై దాటింది. వద్దులే అన్నా అమ్మాయితో. ఫోన్లో ఆర్డర్ పెట్టి, మన నంబర్ వచ్చాక కిటికీ దగ్గర ట్రే తీసుకున్నాం. బాగానే ఉంది, వేడిగా ఉంది, తప్పు పట్టడానికేం లేదు. కానీ మోకాలేసి కూర్చుని "అల్లం పరవాలేదా" అని అడిగేవాళ్ళు ఫోన్లో ఉండరు కదా.

రాత్రికి అత్తయ్యగారికి వీడియో కాల్ చేశా, గుంటూరులో మా మరిది దగ్గర ఉంటున్నారు. ఎనభై ఆరు దాటాయి. డిస్నీకి వెళ్ళొచ్చామంటే మొదట అర్థం కాలేదు, కోట చూపిస్తే గుర్తుపట్టారు. "ఆ కూర వండిన అబ్బాయి ఉన్నాడా ఇంకా" అని అడిగారు.

*

పనిచేసే మనుషుల్ని మాత్రం నేను ఏమీ అనను, అనలేను. పొద్దున ఎండలో నిలబడి ఎనిమిది గంటలు నవ్వుతూ దారి చూపించేవాళ్ళు ఇప్పటికీ అలాగే ఉన్నారు, చొక్కా మీద పేరూ, దాని కింద సొంత ఊరూ ఉన్న బిళ్ళతో. 2020లో కంపెనీ అమెరికా పార్కుల్లో 28,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. 2023లో యూనియన్ వాళ్ళు పోరాడితే కనీస జీతం గంటకి 15 నుంచి 18 డాలర్లకి పెరిగింది. టికెట్టు రేటు పెరిగింది ఆ మూడు డాలర్ల కోసమే అయితే నేను సంతోషంగా ఇస్తా, నిజం. కానీ గేటు దగ్గర పెరిగింది దాని కంటే చాలా ఎక్కువ. మావయ్యగారి మాటలో చెప్పాలంటే కొన్నవాటి లైన్లు ఎక్కువయ్యాయి, ఇచ్చినవాటి లైన్లు తగ్గాయి.

మన దగ్గరా ఇదే గాలి. ఆ మధ్య ఒక పార్కుకి వెళ్ళాం, పేరెందుకులే, బంధువులం ఇరవై మందిమి. గేటు దగ్గర చక్కిలాల డబ్బా తీయించారు, నీళ్ళ సీసాలు కూడా. లోపల పలావు చల్లారిపోయి ముద్ద కట్టింది, మార్చమంటే కౌంటర్లో కుర్రాడు తలెత్తలేదు. షుగరున్న మా పిన్ని మందు వేసుకోవడానికి నీళ్ళు కూడా కొనాల్సొచ్చింది. డిస్నీలో ఇప్పటికీ బయటి తిండి రానిస్తారు, గాజు సీసాలూ మద్యమూ తప్ప. అందుకే ఈసారి కూడా పులిహోర చేశా. అమ్మాయి వద్దంది, "అక్కడ అన్నీ దొరుకుతాయి కదమ్మా" అని. అయినా చేశా, అదే కొలత, ఇంగువ కాస్త ఎక్కువ.

తిందామని ఆ నది ఒడ్డుకే తీసుకెళ్ళా అందరినీ. నది లేదు. అడ్డంగా చెక్కలు కట్టి ఉన్నాయి, వెనక మిషన్ల చప్పుడు. 2025 జూలై 6న ఆఖరి రోజట, పడవా దీవీ నదీ మొత్తం మూసేసి కొత్త రైడ్ కడుతున్నారు. 1971 నుంచి ఉన్న నీళ్ళు. మా ఆయన చెక్కల సందులోంచి చూడటానికి ప్రయత్నించి వచ్చేశారు, ఏమీ మాట్లాడలేదు. ఆయన నాన్నకి ఫోటో తీసింది అక్కడే, రెయిలింగ్‌కి ఆనుకుని, మఫ్లర్‌తో. ఇంకో చోట నీడ వెతుక్కుని గోడ అంచు మీద కూర్చుని తిన్నాం. అల్లుడు రెండుసార్లు వేయించుకున్నాడు.

అప్పుడు ఒకబ్బాయి చీపురూ బకెట్టూ పట్టుకుని వచ్చాడు, తెల్లబట్టలు. మనవరాలు అప్పటికే అలిసిపోయి, కావల్సిన బొమ్మ కొనలేదని మూతి ముడుచుకుని ఉంది. ఆ అబ్బాయి ఏమీ అనకుండా చీపురు నీళ్ళలో ముంచి నేల మీద గీయడం మొదలుపెట్టాడు. ఒక పెద్ద గుండ్రం, పైన రెండు చెవులు, కళ్ళు, చివర్లో ముక్కు మీద చీపురు కొన ఆనించి నల్లటి చుక్క. ఎండకి ఒక చెవి ఆరుతుంటే రెండో చెవి గీస్తున్నాడు. పాప పరుగెత్తి వెళ్ళి పక్కన కూర్చుంది, వేలితో తడిచోట రాసింది. అతను టోపీ తీసి నవ్వి బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. నిమిషంలో బొమ్మంతా ఆరిపోయింది, పాప "ఇంకోసారి" అంటూ వెనకాలే పరుగెడితే మూల తిరిగి ఇంకోటి గీశాడంట, మా అమ్మాయి వెళ్ళి తీసుకొచ్చింది.

రాత్రి అందరూ పడుకున్నాక పుస్తకం తీశా. మావయ్యగారి పేజీ ఎదురు పేజీ ఖాళీగా ఉంది. పైన "డిస్నీ లోకము" అని ఆయన రాసినట్టే రాసి గీత గీశా. టికెట్లు, పార్కింగ్, లైట్నింగ్ లేన్, తిండి, పాప చెవుల టోపీ, అన్నీ ఎక్కించా, కూడితే వెయ్యి దాటి చాలా దూరం పోయింది. బ్రాకెట్లో రూపాయలు రాయలేదు. కింద ఇంకో గీత గీసి, చల్లని నీళ్ళు, 0 అని రాశా, కౌంటర్లో అడిగితే ఇప్పటికీ ఇస్తున్నారు. ఫెర్రీ, 0. పైరేట్స్ వాసన అని రాసి కొట్టేశా, అది టికెట్టులోదే కదా అని, మళ్ళీ పక్కనే రాశా.

పాపకి మిక్కీ బొమ్మలు (నీళ్ళవి) 2, 0.